బొద్దుగా ఉంటే బాగున్నట్టేనా?

ప్రశ్న: పల్లె దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. జ్వరమని తీసుకొచ్చిన పదేళ్ల బాబును తూచాను. బరువు 45 కిలోలు, ఎత్తు 135 సెంటీమీటర్లు. బరువు ఎక్కువగా ఉందనగానే వాళ్ల నాయనమ్మ "నా మనవడికి దిష్టి పెట్టకమ్మా, ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుంది" అని కోప్పడింది. తల్లేమో వాడి ముందే "తిండి దగ్గర ఆగడు మేడమ్" అని తిట్టింది. బాబు తల దించుకున్నాడు. ఇలాంటప్పుడు ఎలా మాట్లాడాలి?
– ఒక నర్సు, సిద్దిపేట జిల్లా

జవాబు: తూచి వదిలేయకుండా ఎత్తు కూడా కొలిచారు, మంచి పని చేశారు. ఆ లెక్కన బాబు బీఎంఐ 24.7. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం పదేళ్ల అబ్బాయికి 21.4 దాటితే ఊబకాయమే. పెద్దవాళ్ల అంకెలతో పిల్లలను పోల్చకూడదు. వయసును బట్టి, ఆడా మగా బట్టి చార్టు చూడాల్సిందే.

నాయనమ్మతో వాదించకండి, ఆమె మాటలో సగం నిజముంది. బరువు 45 దగ్గరే నిలబెట్టి, ఎత్తు 150కి చేరితే బీఎంఐ 20కి దిగుతుంది. ఈ వయసులో చాలామందికి బరువు తగ్గించడం కన్నా, పెరగకుండా ఆపడమే అసలు పని. "మీరన్నట్టే ఎత్తు పెరగనిద్దాం పెద్దమ్మా, అందాకా బరువు పెరగకుండా చూద్దాం" అనండి. ఆమె మీ వైపు వస్తుంది. చాలా ఇళ్లలో మనవడి చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టేది నాయనమ్మే కాబట్టి, ఆమె ఒప్పుకోకపోతే ఏదీ సాగదు.

బాబు ముందు "లావు" అన్న మాటే వద్దు. తల్లిని పక్కకు పిలిచి, వాడి తిండి గురించి కాదు, ఇంటి తిండి గురించి అడగండి. బడి నుంచి రాగానే ఏం తింటాడు? కూల్‌డ్రింక్ ఎన్నిసార్లు? అన్నం తినేటప్పుడు ఫోను ఉంటుందా? ఎన్నింటికి పడుకుంటాడు? వాటిలో ఒక్కటే మార్చమనండి. పావు లీటరు కూల్‌డ్రింక్‌లో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, దాని బదులు పల్చటి మజ్జిగ ఇవ్వొచ్చు. రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడాలి. నెలకోసారి రమ్మని చెప్పి, వచ్చినప్పుడు తలుపు వేసి తూచండి.

మెడ వెనక చర్మం తప్పకుండా చూడండి. మురికి అనుకుని తల్లులు నలుగు పెట్టి రుద్దుతూ ఉంటారు. రుద్దినా పోని నలుపు, మఖమల్‌లా మందంగా ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. అలాంటి పిల్లలను, గురక పెట్టేవాళ్లను, బీపీ ఎక్కువ ఉన్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపండి. బీపీకి చేతికి సరిపడే కఫ్ వాడండి. లావవుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లలకు థైరాయిడ్ పరీక్ష అవసరం.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేస్తోంది. మాననివ్వాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా. రాత్రి పస్తులుంటే మర్నాడు సాయంత్రానికి ఆకలి ఆగక నూనె వంటల మీద పడుతుంది. ఎదిగే వయసులో ఇనుము, కాల్షియం కూడా అందవు. అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. ఇంట్లో అందరూ అదే తినండి. నెలసరి మూడు నెలలు దాటినా రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.