ముసురు, బెట్ట – వారములకొలది ఏల నిలుచును?

రోజులకొలది విడువక పట్టు వానను మనము ముసురు అందుము. వానాకాలపు నడుమ వానలు ముఖము చాటువేయుటను బెట్ట అందుము. వీనికి వేరు పేర్లు పెట్టిన మన పెద్దలు ఒక సత్యమును గుర్తించిరి. వాతావరణము ప్రతిదినమును కొత్తగా మొదలిడదు. ఒక తీరు పట్టినచో కొంతకాలము ఆ తీరుననే నిలుచును. ఈ నిలుకడ ఏల కలుగునో, ఝరాసంగం వంటి మెట్టప్రాంతపు పంచాయతీలు దానిని ఎట్లు లెక్కలోనికి తీసికొనవలెనో చూతము.

గాలుల నడక

ఉత్తరార్ధగోళమున సుమారు 30 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు గల ప్రాంతములను మధ్య అక్షాంశములందురు. అచ్చట మిక్కిలి ఎత్తున గాలులు పడమటి నుండి తూర్పునకు ఏరు వలె వంపులు తిరుగుచు సాగును. వంపులు కదలుచున్నంత కాలము వాతావరణము కొద్ది దినములకొకమారు మారుచుండును. ఒక్కొక్కప్పుడు ఒక వంపు పెద్దదై, అధికపీడనముగా ఏర్పడి, కదలక నిలిచిపోవును. అంతట ఒకచోట ఎండలు, ప్రక్కచోట వానలు వారములకొలది సాగును. 2010 వేసవిలో రష్యా పడమటి భాగమున ఇట్లే జరిగి మాస్కో నగరము తీవ్రమైన ఎండలకు గురియైనది. దానికి తూర్పున దక్షిణమునకు దిగిన గాలివంపు జూలై చివర పాకిస్తాన్ వరదలకు తోడ్పడినది.

మన వానలతో సంబంధము

ఝరాసంగం సుమారు 18 డిగ్రీల అక్షాంశమున ఉన్నది. వానాకాలమున ఆ పడమటి గాలులు మనకు ఎంతో ఉత్తరమున వీచును. అయినను వాని ప్రభావము మనకు తగులకపోదు. నైరుతి ఋతువున రాజస్థాన్ నుండి బంగాళాఖాతము వరకు ఒక అల్పపీడన ద్రోణి పరచుకొని యుండును. అది హిమాలయపు దిగువకొండలకు తరలినప్పుడు అచ్చట వానలు హెచ్చును, మధ్యభారతమున తగ్గును, మన మెట్టచేలును వాడును. దీనిని ఋతుపవన విరామమందురు. పడమటి గాలుల వంపు దక్షిణమునకు దిగుటకును, ఈ విరామమునకును గల సంబంధమును మన దేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడు సి. రామస్వామి 1962లో వివరించెను.

ఇంతకంటె మెల్లగా మారునది పసిఫిక్ సముద్రపు వేడిమి. అచ్చటి నీరు నెలలకొలది వేడెక్కి యుండుటను ఎల్ నినో అందురు. ఆ సంవత్సరములందు మనకు వాన తగ్గు అవకాశము హెచ్చు. అయినను ఇది తప్పని విధి కాదు. 1997లో బలమైన ఎల్ నినో ఉండియు దేశమున సాధారణ వర్షమే కురిసెను. మరి 2002 జూలైలో దేశమున కురిసినది సాధారణ వర్షమున సుమారు సగమే. 2023 ఆగస్టులో లోటు 36 శాతము. 1901 తరువాత అంత తక్కువ వాన కురిసిన ఆగస్టు లేదు.

పంచాయతీలు చేయవలసినది

బెట్ట రెండు దినములలో తొలగునని నమ్మి తొలి జల్లుకే విత్తినచో, మొలక మాడి, రైతు రెండవమారు విత్తనము కొనవలసి వచ్చును. పేద కుటుంబమునకు ఆ రెండవ విత్తనమే అప్పునకు మొదలు. కావున మనము దినముల లెక్క విడిచి, వారముల లెక్క నేర్వవలెను.

మొదటిది, సూచన. భారత వాతావరణ శాఖ ప్రతి గురువారము రాబోవు వారములకు వర్షసూచన వెలువరించుచున్నది. ఏ ఊరున ఏ దినమున వాన పడునో అది చెప్పదు. వాన సాధారణముకంటె హెచ్చునో తగ్గునో తెలుపును. దానిని పంచాయతీ కార్యాలయమున అందరికి చదివి వినిపింపవలెను.

రెండవది, పంటల కలయిక. పెసర రెండు నెలలకు కొంచెము హెచ్చుగా పట్టు పంట. పూతవేళ బెట్ట తగిలినచో దానికి కోలుకొను వ్యవధి లేదు. కంది వేరు లోతైనది, పూత ఆలస్యము. అదే బెట్టను అది ఓర్చుకొనగలదు. జహీరాబాదు ప్రాంతపు మహిళా రైతులు ఒకే చేనున పలు పంటలు కలిపి వేయుటలోని వివేకమిదియే.

మూడవది, నీటి నిలువ. ఎకరముపై 25 మిల్లీమీటర్ల వాన పడినచో సుమారు లక్ష లీటర్ల నీరగును. ముసురునాడు అందులో కొంత కుంటలో నిలిపినను బెట్టనాడు ఒక తడికి అక్కరకు వచ్చును. కుంటలకు నీరు తెచ్చు కాలువల పూడికను మృగశిర కార్తెకు ముందే తీయింపవలెను.

నాలుగవది, వానపుస్తకము. ఒక వర్షమాపకముంచి ప్రతి ఉదయము 8.30 గంటలకు కొలిచి వ్రాయుడు. 2.5 మిల్లీమీటర్లు లేక అంతకు మించి పడిన దినము వానదినము. రెండు వానదినముల నడుమ ఎన్ని దినములు ఎండెనో ప్రత్యేకముగ గుర్తింపుడు. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి మీ ఊరి బెట్ట సాధారణముగా ఏ కార్తెలో వచ్చునో, ఎంతకాలము నిలుచునో ఆ పుస్తకమే చెప్పగలదు.

గాలిని కదలించుట మన చేతిలోని పని కాదు. అది నిలిచినన్నాళ్లు పంటను, పశువును, పాలేరును నిలుపుకొను సిద్ధపాటు మాత్రము మన చేతిలోనిదే. రాబోవు గ్రామసభలో ఈ నాలుగు పనులను చర్చకు తెచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సభ్యుని బాధ్యునిగా నియమింపుడు.