ఇంటి నుంచి షాపు ట్యాలీ చూడాలంటే

ప్రశ్న: గుంటూరులో మాది ఎరువుల దుకాణం. షాపు కంప్యూటర్‌లోని ట్యాలీని ఇంటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో 3389 పోర్టు తెరిపించాం. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమేనండీ. ముందు దాన్ని మూసేయించి, విండోస్ పాస్‌వర్డు మార్చండి. 3389 రిమోట్ డెస్క్‌టాప్ పోర్టని హ్యాకర్లందరికీ తెలుసు. పాస్‌వర్డులు ఊహిస్తూ రాత్రీ పగలూ ప్రయత్నిస్తూనే ఉంటారు. పోర్టు నంబరు మార్చినా వెతికి పట్టుకుంటారు. రౌటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ సదుపాయం ఉంటే అదే పెట్టించండి. సరైన కీ లేనివాళ్లకు అది అసలు జవాబే ఇవ్వదు. ఫోనుకొకటి, ల్యాప్‌టాప్‌కొకటి, గుమాస్తాకొకటి విడివిడిగా కీలు చేయించండి. గుమాస్తా మానేస్తే అతనిదొక్కటే తీసేయొచ్చు. బ్రాడ్‌బ్యాండ్‌కు పబ్లిక్ ఐపీ లేకపోతే (మన దగ్గర చాలామందికి ఉండదు) టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సేవ నయం, పోర్టు తెరవక్కర్లేదు. దాని లాగిన్‌కు రెండంచెల తనిఖీ తప్పనిసరి. ఇవన్నీ చేసినా ట్యాలీ బ్యాకప్‌ను మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కంప్యూటర్‌కు తగిలించి ఉంచకుండా బీరువాలో పెట్టండి.