ఏకలవ్యుల వేదిక

పాఠ్యభాగ ఉద్దేశం

కళారంగంలో ఒక తరం తన తరువాతి తరాన్ని ఏ విధంగా ఆదరిస్తుందో, పోటీలో లభించే కీర్తికీ సాధనతో నిలిచే కీర్తికీ మధ్యగల అంతరమేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. పాశ్చాత్య సంగీతంలో హెవీ మెటల్ అనే శాఖకు చెందిన కొందరు గాయకుల జీవితాల ఆధారంగా ఈ విషయం ఇక్కడ వివరించబడింది.

పాఠం

సంగీతం ప్రధానంగా గురుముఖంగా సంక్రమించే విద్య. కర్ణాటక సంగీతంలో శిష్యుడు గురువు ఎదుట కూర్చుండి, ఆయన పాడినదానిని తిరిగి పాడుతూ నేర్చుకుంటాడు. తప్పు జరిగిన చోట గురువు ఆపి సరిదిద్దుతాడు. పాశ్చాత్య సంగీతంలోని హెవీ మెటల్ శాఖలో ఇటువంటి గురుకుల సంప్రదాయం ఏర్పడలేదు. అందులో పాడదలచిన యువకులలో అధికసంఖ్యాకులకు గ్రామఫోను రికార్డు, క్యాసెట్టు, సీడీలే గురువులు. గదిలో ఒంటరిగా కూర్చుండి, పాటను పదేపదే విని, అనుకరించి నేర్చుకోవడమే వారి విద్యాభ్యాసం. తాము ఆరాధించే గాయకుడు ఎక్కడో సముద్రాలకు ఆవల ఉంటాడు. తనకు అటువంటి శిష్యులున్నారన్న సంగతి ఆయనకు తెలియదు. ఈ ఏకలవ్యులలో కొందరికి గురుదర్శనం చేయించిన ఘనత, వింతగా తోచినప్పటికీ, టెలివిజన్ పాటల పోటీలకు దక్కింది.

హెవీ మెటల్ అనగా భారలోహం. ఈ సంగీతం ఇంగ్లాండులోని పారిశ్రామిక నగరమైన బర్మింగ్‌హామ్ పరిసరాలలో రూపుదిద్దుకొంది. అక్కడి లోహపు కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీ అనే యువకుడు 1965లో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వ్రేళ్ళ కొసలను కోల్పోయాడు. ప్లాస్టిక్కును కరిగించి వ్రేళ్ళకు తొడుగులు చేసుకొని, తంత్రుల బిగువును సడలించి, అతడు మరల గిటారు వాయించాడు. అతని బృందమైన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ 1970లో వెలువడింది. ఆ బరువైన, గంభీరమైన గిటారు ధ్వని ఒక కొత్త సంగీతశాఖకు పునాది అయింది. అదే ప్రాంతంలో 1969లో ఏర్పడిన జూడాస్ ప్రీస్ట్ బృందం ఆ ధ్వనికి వేగాన్ని జోడించింది. 1973లో ఆ బృందంలో చేరిన రాబ్ హాల్‌ఫర్డ్ తారస్థాయిలో నిలిచే తన కంఠంతో హెవీ మెటల్ గాయకులకు ఒక ప్రమాణాన్ని ఏర్పరచారు.

టెలివిజన్ పోటీలు ప్రబలక ముందు కూడా ఈ రంగంలో కొత్తవారికి అవకాశాలు లభించకపోలేదు. అయితే అవి అరుదు. 1992లో హాల్‌ఫర్డ్ తన బృందాన్ని వీడి వెళ్ళిన తరువాత, ఆయన స్థానం కొన్నేళ్ళపాటు ఖాళీగా ఉండిపోయింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన టిమ్ ఓవెన్స్ అప్పటికి జూడాస్ ప్రీస్ట్ పాటలనే పాడే ఒక స్థానిక బృందంలో గాయకుడు. అతడు పాడిన వీడియో టేపును చూసి, 1996లో ఆ బృందం అతనిని తమ గాయకునిగా స్వీకరించింది. వింటూ నేర్చుకొన్న శిష్యుడు గురుపీఠం మీదనే కూర్చున్నాడు. 2003లో హాల్‌ఫర్డ్ తిరిగి వచ్చేవరకు ఓవెన్స్ ఆ స్థానంలో కొనసాగాడు.

2001లో బ్రిటన్‌లో పాప్ ఐడల్, 2002లో అమెరికాలో అమెరికన్ ఐడల్ కార్యక్రమాలు ప్రారంభమయ్యాయి. న్యాయనిర్ణేతల వ్యాఖ్యలు, ప్రేక్షకుల ఓట్లు, వారానికొకరి నిష్క్రమణ వీటి స్వరూపం. హెవీ మెటల్ అభిమానులు అనేకులు వీటిని చిన్నచూపు చూశారు. వారి ఆక్షేపణలో కొంత న్యాయం లేకపోలేదు. సొంతంగా పాటలు కట్టుకొని, చిన్నచిన్న వేదికలపై ఏళ్ళతరబడి వాయించి పైకి రావడం ఆ శాఖ సంప్రదాయం. పోటీలో పాడేది ఇతరుల పాట. అదీ సుమారు ఒకటిన్నర నిమిషానికి కుదించిన పాట. అయినప్పటికీ, ఆ రంగానికి సంబంధించిన పెద్దలే క్రమంగా ఈ కార్యక్రమాలలో ప్రవేశించారు. బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ సతీమణి, ఆయన వృత్తి వ్యవహారాల నిర్వాహకురాలు అయిన షారన్ ఆస్‌బర్న్ 2004లో బ్రిటన్‌లోని ఎక్స్ ఫ్యాక్టర్ కార్యక్రమానికి న్యాయనిర్ణేత అయ్యారు. ఏరోస్మిత్ అనే రాక్ బృందానికి గాయకుడైన స్టీవెన్ టైలర్ 2011లో అమెరికన్ ఐడల్ న్యాయనిర్ణేతల సరసన కూర్చున్నారు.

పెద్దలే స్వయంగా తమ బృందానికి గాయకుని ఎన్నుకొన్న పోటీ 2006లో జరిగింది. మాట్లీ క్రూ బృందంలో డ్రమ్స్ వాయించే టామీ లీ, మెటాలికాలో బాస్ గిటారు వాయించిన జేసన్ న్యూస్టెడ్, గన్స్ ఎన్ రోజెస్‌లో గిటారు వాయించిన గిల్బీ క్లార్క్ కలిసి ఒక కొత్త బృందాన్ని సంకల్పించారు. రాక్ స్టార్ సూపర్‌నోవా అనే టెలివిజన్ కార్యక్రమం ద్వారా దానికి గాయకుని అన్వేషించారు. ఐస్‌లాండ్, ఆస్ట్రేలియా, కెనడా మొదలైన దేశాల గాయకులు అందులో పాల్గొన్నారు. కెనడాకు చెందిన లూకాస్ రోసీ విజేతగా నిలిచాడు. ఆ ఏడాది నవంబరులో వారి ఆల్బమ్ విడుదలైంది. అయితే భుజానికి గాయమైనందువల్ల న్యూస్టెడ్ సంగీతయాత్రలో పాల్గొనలేకపోయారు. 2007లో జరిగిన ఆ యాత్ర తరువాత బృందం విడిపోయింది. ఆ బృందానికి వెలువడిన ఏకైక ఆల్బమ్ అదే. విజేతకు బహుమతిగా లభించిన పీఠమే నిలువలేదు. వేల మైళ్ళ ప్రయాణాలలో, విసుగులో, విభేదాలలో కలిసి బ్రతికినప్పుడే సంగీత బృందం బృందమవుతుంది. ఆ బంధాన్ని పోటీ సమకూర్చలేదు.

మూడేళ్ళ తరువాత ఇందుకు భిన్నమైన ఫలితం కనిపించింది. 2009లో అమెరికన్ ఐడల్ తుదిపోటీ నాడు ఆడమ్ లాంబర్ట్ అనే యువకుడు కిస్ బృందంతోను, క్వీన్ బృందానికి చెందిన బ్రయాన్ మే, రోజర్ టేలర్‌లతోను కలిసి పాడాడు. ఆ రాత్రి అతనికి ద్వితీయస్థానమే దక్కింది. కాని క్వీన్ సభ్యులు అతనిని మరువలేదు. తమ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో మరణించిన నాటినుండి వారికి స్థిరమైన గాయకుడు లభించలేదు. 2012 నుండి లాంబర్ట్ వారితో కలిసి ప్రపంచదేశాలలో కచేరీలు చేశాడు. ఓట్లలో ఓడినవాడు పెద్దల నమ్మకాన్ని గెలిచాడు.

హెవీ మెటల్‌నే నమ్ముకొని పోటీకి వచ్చినవాడు జేమ్స్ డర్బిన్. అతడు కాలిఫోర్నియాలోని సాంతా క్రూజ్ వాస్తవ్యుడు. సంగీతకారుడైన తండ్రిని తొమ్మిదేళ్ళ వయస్సులో కోల్పోయాడు. టూరెట్ సిండ్రోమ్ అనే నాడీసంబంధమైన రుగ్మత వలన అతనికి ముఖంలోను, శరీరంలోను అసంకల్పితమైన కదలికలు కలుగుతుండేవి. ఇతరులతో మెలగడాన్ని కష్టతరం చేసే ఆస్పర్జర్ లక్షణాలు కూడా అతనికి ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. 2011లో అమెరికన్ ఐడల్‌కు వచ్చేనాటికి అతడు ఇరవైరెండేళ్ళ నిరుద్యోగి, ఒక పసిబిడ్డకు తండ్రి. ప్రేక్షకాదరణ పొందడానికి సులభమైన పాటలు ఎన్నో ఉండగా, అతడు పోటీలో జూడాస్ ప్రీస్ట్ పాటను ఎంచుకొన్నాడు. ఏప్రిల్‌లో జరిగిన ఒక వారపు పోటీలో అతడు పాడుతుండగా, ఓజీ ఆస్‌బర్న్ వద్ద చాలాకాలం గిటారు వాయించిన జాక్ వైల్డ్ స్వయంగా వేదికపైకి వచ్చి సహకరించారు. మే నెల రెండవ వారంలో డర్బిన్ నాలుగవ స్థానంతో పోటీ నుండి నిష్క్రమించాడు.

ఆ ఏడాది మే 25న లాస్ ఏంజిలస్‌లో జరిగిన తుది కార్యక్రమానికి అతనిని మరల ఆహ్వానించారు. ఆనాడు జూడాస్ ప్రీస్ట్ బృందం అతనితో కలిసి రెండు పాటలు పాడింది. ఆ రెండూ 1980లో, అనగా డర్బిన్ పుట్టుకకు తొమ్మిదేళ్ళ ముందు, విడుదలైన ఆల్బమ్‌లోనివి. అప్పటికి హాల్‌ఫర్డ్ వయస్సు యాభై తొమ్మిదేళ్ళు. రికార్డులలో విని నేర్చుకొన్న పాటను, దానిని ప్రపంచానికి వినిపించిన గాయకుని ప్రక్కన నిలబడి పాడే అవకాశం ఆ యువకునికి కలిగింది. ఈ గురువు బొటనవ్రేలిని కోరలేదు. తనతో గొంతు కలపమన్నాడు. ఆ వేదికపై కొత్తవాడు డర్బిన్ ఒక్కడే కాదు. పాత గిటారిస్టు కె.కె. డౌనింగ్ వైదొలగగా, ఆయన స్థానంలో వచ్చిన రిచీ ఫాక్నర్ జూడాస్ ప్రీస్ట్ సభ్యునిగా మొదటిసారి ప్రేక్షకుల ఎదుట వాయించినది ఆ రాత్రే.

పోటీ ముగిసిన తరువాతనే డర్బిన్‌కు అసలైన పరీక్ష ప్రారంభమయింది. అదే ఏడాది నవంబరులో అతని తొలి ఆల్బమ్ వెలువడింది. టెలివిజన్ వెలుగు క్రమంగా తగ్గినా అతడు పాడటం మానలేదు. 2017లో క్వైట్ రయట్ అనే బృందం అతనిని గాయకునిగా తీసుకొంది. 1983లో అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో హెవీ మెటల్‌కు మొదటిసారి అగ్రస్థానం తెచ్చిన బృందమది. వారితో రెండు ఆల్బమ్‌లు పాడి, 2019లో అతడు బయటకు వచ్చాడు. 2021లో తన ఇంటిపేరుతోనే ఏర్పరచుకొన్న బృందం పక్షాన కొత్త ఆల్బమ్ తెచ్చాడు. అందులోని సంగీతం తాను బాల్యంలో విన్న సంప్రదాయ హెవీ మెటల్.

హెవీ మెటల్ గానాన్ని కేవలం అరుపుగా భావించడం పొరపాటు. తారస్థాయిలో బలంగా పాడటానికి శ్వాసపై అత్యంత నియంత్రణ అవసరం. శ్వాసబలం లేక గొంతునే బిగించి అరిచేవారి స్వరతంత్రులు త్వరగా దెబ్బతింటాయి. పోటీలో ఒకటిన్నర నిమిషం పాడటం వేరు. కచేరీలో గంటన్నరసేపు పాడి, మరునాడు మరొక ఊరిలో అదే స్థాయిలో పాడటం వేరు. అరవై, డెబ్బై ఏళ్ళ వయస్సులోను వేదికనెక్కిన పెద్దలు ఈ శ్రమను దశాబ్దాలపాటు భరించినవారు. అందుచేత వారితో పాడే అవకాశాన్ని కొత్తవారు సన్మానంగా మాత్రమే కాక, తమ శక్తికి కొలమానంగా కూడా గ్రహించాలి. పెద్దలకు సైతం ఇందులో ప్రయోజనం లేకపోలేదు. తమ పేరు వినని లక్షలాది యువ ప్రేక్షకులకు వారి సంగీతం చేరింది. ఈ కలయికలో వాణిజ్యం ఉన్నమాట నిజం. అయినా వాణిజ్యం ఉన్నంత మాత్రాన అందులోని విద్య అసత్యం కాదు.

తెలుగువారికి ఈ పరిణామం అపరిచితమైనది కాదు. 1960 దశకంలో మద్రాసులో జరిగిన ఒక పాటల పోటీలో యువకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రతిభను సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గుర్తించారు. 1967లో విడుదలైన ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రంలో ఆయనచేత పాడించారు. అదే బాలసుబ్రహ్మణ్యం 1996లో ఈటీవీలో ప్రారంభమైన ‘పాడుతా తీయగా’ కార్యక్రమం ద్వారా ఎందరో బాలగాయకులకు ఉచ్చారణను, భావాన్ని, శ్రుతిశుద్ధిని ఓర్పుతో వివరించారు. బ్రిటన్‌లో పుట్టిన ఐడల్ పోటీకి భారతీయ రూపమైన ఇండియన్ ఐడల్‌లో 2010లో తెలుగు యువకుడు శ్రీరామచంద్ర విజేతగా నిలిచాడు. సంగీతం వేరైనా సమస్య ఒక్కటే. పెద్దల చేయూత లభించిన తరువాత ఆ కళాకారుడు ఏమి చేస్తాడన్నదే ప్రశ్న.

లూకాస్ రోసీ పోటీలో గెలిచినా, గెలిచి పొందిన బృందం నిలువలేదు. లాంబర్ట్, డర్బిన్ పోటీలో ఓడినా గాయకులుగా నిలిచారు. గెలుపు వలన నష్టమని గాని, ఓటమి వలన లాభమని గాని దీని భావం కాదు. ఓట్ల లెక్క ఆ రాత్రితో ముగుస్తుంది. సాధన లెక్క మరునాటి ఉదయం మొదలవుతుంది. ఏకలవ్యుడు గురువు కనిపించనప్పుడు కూడా అభ్యాసం మానలేదు. గురుదర్శనం పొందిన ఈ కాలపు ఏకలవ్యులు గ్రహించవలసినది కూడా అదే.

కఠిన పదాలు – అర్థాలు

సంక్రమించు = ఒకరినుండి మరొకరికి చేరు
తారస్థాయి = హెచ్చు స్వరస్థానం
ప్రమాణం = కొలత, ఆదర్శం
ఆక్షేపణ = అభ్యంతరం
నిష్క్రమణ = బయటకు వెళ్ళిపోవడం
అసంకల్పితం = తాను అనుకోకుండానే జరిగేది
స్వరతంత్రులు = గొంతులో ధ్వనిని పుట్టించే భాగాలు
శ్రుతిశుద్ధి = శ్రుతి తప్పకుండా పాడటం

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. జేమ్స్ డర్బిన్ జీవితంలో పోటీకి ముందు, పోటీలో, పోటీ తరువాత జరిగిన పరిణామాలను వివరించండి.
2. టెలివిజన్ పాటల పోటీల వలన కలిగే ప్రయోజనాలను, పరిమితులను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. హెవీ మెటల్ గాయకులను ఏకలవ్యులతో పోల్చడంలోని ఔచిత్యమేమిటి?
2. టోనీ అయోమీ తనకు జరిగిన ప్రమాదాన్ని ఎట్లా అధిగమించాడు?
3. 2006లో ఏర్పడిన బృందం ఎందుకు నిలువలేకపోయింది?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. వింటూ నేర్చుకొన్న శిష్యుడు గురుపీఠం మీదనే కూర్చున్నాడు.
2. ఓట్లలో ఓడినవాడు పెద్దల నమ్మకాన్ని గెలిచాడు.

ఈ. క్రింది పదాలను విడదీసి, సంధి పేర్లు వ్రాయండి.
ప్రేక్షకాదరణ, అత్యంత, ఏకైక

ఉ. క్రింది పదాలకు విగ్రహవాక్యాలు, సమాసనామాలు వ్రాయండి.
గురుదర్శనం, రెండు పాటలు, బాలగాయకులు