అందరికిని చోటున్న పందెము

పరుగు పందెము జరిగిన పిమ్మట మన గ్రామములలో గెలిచినవాని పేరే చెప్పుకొందురు. కడపట వచ్చినవాని సంగతి ఎవరడుగుదురు? పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో తలంచిన పందెమందును బహుమానము ఒకనికే. ఆ కడపటివానికి సైతము దారి తెరచిన ఒక పరుగుకాని సంగతి ఈ మాసము చూతము.

బ్రెండన్ ఫోస్టర్ 1948లో ఇంగ్లాండు ఈశాన్యమున, టైన్ నది ఒడ్డున ఓడలు కట్టు హెబ్బర్న్ అను ఊర జన్మించెను. రసాయనశాస్త్రము చదివి, తాను చదువుకొన్న బడిలోనే ఉపాధ్యాయుడాయెను. 1974లో గేట్స్‌హెడ్ పట్టణపు కొత్త ట్రాకు మీద 3000 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో 10,000 మీటర్ల పందెమున మూడవవాడై కంచు పతకము పొందెను. ఆ యేట అథ్లెటిక్సులో బ్రిటనుకు దొరికిన పతకము అదొక్కటే! 1980 మాస్కోలో ఆయనది 11వ స్థానము.

పేరుపొందిన ఆటగాండ్రు అనేకులు అంతటితో ఆగి, పాత పతకములు తుడుచుకొనుచు కూర్చుందురు. ఈయన అట్లు కూర్చుండలేదు. 1979లో న్యూజీలాండు వెళ్లినప్పుడు, ఆక్లండు నగరమున వేలాది సామాన్య జనులు సముద్రతీరము వెంబడి కలిసి పరుగెత్తుట చూచెను. తానును వారితో పరుగెత్తెను. ఇది మా ఊర ఎందుకు జరుగరాదు అని తలంచెను. 1981 జూన్ 28న న్యూకాసిల్ నుండి సౌత్ షీల్డ్స్ సముద్రతీరము వరకు సుమారు 21 కిలోమీటర్లు, 'గ్రేట్ నార్త్ రన్' మొదటిసారి జరిగెను. దాదాపు 12,000 మంది వచ్చిరి. ఓడల కార్ఖానాలు, బొగ్గు గనులు మూతపడి, పనులు పోవుచున్న ప్రాంతమది. పని లేని ఊరికి పరుగు కూడు పెట్టదు, నిజమే. అయినను ఆ ఊరి పేరు లోకము మంచి కారణముచేత వినెను.

పిమ్మట ఆయన అనేక సంవత్సరములు బి.బి.సి.లో పరుగు పందెములకు వ్యాఖ్యాతగా ఉండి, 2017లో లండను ప్రపంచ పోటీల తరువాత ఆ పని చాలించెను. మొదట వచ్చుట, మూడవవాడగుట, వెనుకబడుట మూడును ఎరిగినవాని మాటకు బరువుండును గదా!

2014లో ఆ పందెమును ముగించినవారి లెక్క పది లక్షలకు చేరెను. గమ్యము చేరిన ప్రతివారికిని పతకమిత్తురు. ముందు వచ్చినవారని, వెనుక వచ్చినవారని చూడరు.

ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ ఫోస్టరుతో ఆలోచించి, 2001లో ఆడిస్ అబాబాలో ఇట్టి పరుగునే ఆరంభించెను. ఆ దినమున హైలేయే మొదట వచ్చెను. ఆయన వెనుక అదే బాటను సుమారు పదివేలమంది పరుగెత్తిరి.