పాలు పొంగడానికి ఎనిమిది నెలలు

లండన్‌లో మేము మొదటి ఫ్లాట్ కొన్నది 2004లో. హ్యారోలో మూడంతస్తుల పాత బిల్డింగు, అందులో రెండు పడక గదుల ఫ్లాటు. జనవరిలో మేం చెప్పిన ధరకు అమ్మేవాడు ఒప్పుకున్నాడు. తాళం చెవులు సెప్టెంబరులో చేతికొచ్చాయి. ఈమధ్య తెలిసినవాళ్ళ పిల్లలు ఇక్కడ ఫ్లాట్లు కొంటూ, "అంకుల్, నాలుగు నెలలైంది, ఏమీ కదలడం లేదు" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకు విడివిడిగా చెప్పినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను లాయర్ని కాను. ముప్పై ఏళ్ళు రైల్వే సిగ్నళ్ళ మీద పనిచేసిన ఇంజనీరుని. ఎర్ర దీపం ఎందుకు వెలిగిందో కనుక్కోవడమే నా ఉద్యోగం. సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయిందో నాకే తెలియదు.

1. సరేనన్న మాట బయానా కాదు.

మన వైపు పొలం బేరం కుదిరితే పెద్దమనుషుల ముందు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాం. ఆపైన మాట తప్పినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ లెక్క వేరు. ఇద్దరి సొలిసిటర్లూ (ఇంటి కాగితాలు చూసే లాయర్లు) కాంట్రాక్టులు మార్చుకుని, కొనేవాడు మామూలుగా ధరలో పది శాతం డిపాజిట్ కట్టిన రోజున గానీ బేరం ఖాయం కాదు. దాన్ని ఎక్స్‌చేంజ్ అంటారు. అప్పటిదాకా కొనేవాడైనా అమ్మేవాడైనా కారణం చెప్పకుండా లేచిపోవచ్చు. ఎక్కువ ఇచ్చేవాడు దొరికితే అమ్మేవాడు అటు తిరగనూవచ్చు.

ఇదేమీ కనుక్కోకుండా నేను ఫిబ్రవరిలోనే అద్దె ఇంటికి నోటీసిచ్చేశాను. తెనాలికి ఫోన్ చేసి మా పురోహితుడి చేత వైశాఖంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించాను. వైశాఖం వెళ్ళింది, జ్యేష్ఠం వెళ్ళింది, ఆషాఢం ఎలాగూ పనికిరాదు. ఆ పైన ఆ ఏడాది అధిక శ్రావణం. ఈ నెలలన్నీ మా బావమరిది ఇంటి హాల్లో పరుపులు పరుచుకుని పడుకున్నాం. పాలు పొంగించడానికి కొన్న ఇత్తడి గిన్నె అట్టపెట్టెలో మంచం కింద ఉండిపోయింది. జూలైలో మా ఆవిడ తీసి చూస్తే చిలుమెక్కి ఉంది. చింతపండు పెట్టి తోమి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఎక్స్‌చేంజ్ కాకముందు అద్దె ఇల్లు వదలకండి. ముహూర్తం సంగతి మీ ఇష్టం.

2. అమ్మేది ఒకరు, తాళం ఇంకొకరి దగ్గర.

లీజ్‌హోల్డ్ అంటే ఏమిటో నాకు అప్పటికి మాట వరసకే తెలుసు. నేల, బయటి గోడలు, పైకప్పు ఫ్రీహోల్డర్‌వి. మనం కొనేది ఆ నాలుగు గోడల మధ్య ఇన్నేళ్ళు ఉండే హక్కు. మెట్ల మీద దీపం మార్చాలన్నా, కప్పు బాగుచేయాలన్నా ఫ్రీహోల్డర్ తరఫున మేనేజింగ్ ఏజెంటు చూస్తాడు, ఖర్చు సర్వీస్ ఛార్జీగా మన దగ్గర వసూలు చేస్తాడు. అందువల్ల ఫ్లాటు చేతులు మారేటప్పుడు మన సొలిసిటర్‌కు ఆ ఏజెంటు దగ్గరనుంచి కట్ట కాగితాలు కావాలి. గత మూడేళ్ళ లెక్కలు, బిల్డింగు బీమా, ఫ్రీహోల్డర్‌కు కట్టే గ్రౌండ్ రెంట్ బాకీ ఉందా లేదా, ముందు ముందు పెద్ద రిపేర్లున్నాయా, తగాదాలున్నాయా. ఇప్పుడైతే ఈ ప్రశ్నలన్నిటికీ ఎల్‌పీఈ1 అని ఒక ఫారం ఉంది. దానికి ఫీజు ఏజెంటు చెప్పినంత. జవాబు అతను పంపినప్పుడే. మన ఫ్లాటు అమ్ముడైతే అతనికి ఒరిగేదేమీ లేదు, కాకపోతే పోయేదీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత కట్టినవాడు ఏ కాలంలో ఫ్లాటు కొన్నాడోగానీ!

మా అమ్మకందారు ఆ ఫీజు ముందుగా కట్టడానికి వెనకాడాడు. బేరం చెడితే డబ్బు దండగని అతని భయం. దాంతో రెండు నెలలు గడిచాయి. ఏప్రిల్ చివర్లో కాగితాలొచ్చాయి. లీజుతో పాటున్న ప్లాను చూసి సొలిసిటర్ నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "ఈ వంటగదికీ హాలుకీ మధ్య గోడ ఉందా?"

లేదు. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు నేను మెచ్చుకున్నదే అది. విశాలంగా ఉంది, పండగలకు పదిమంది వచ్చినా సరిపోతుందని. ఆ గోడ అమ్మేవాడు తీయించాడు, ఫ్రీహోల్డర్ అనుమతి తీసుకోలేదు. ఇక ఎప్పుడో అయిపోయిన పనికి ఇప్పుడు అనుమతి పత్రం రాయించాలి. దానికి ఫ్రీహోల్డర్ సర్వేయరు రావాలి, ఆయన ఫీజు, వాళ్ళ సొలిసిటర్ ఫీజు ఎవరు కట్టాలో ముందు తేలాలి. సర్వేయరు జూన్‌లో వచ్చాడట. పైన దూలాన్ని పిడికిలితో రెండుసార్లు కొట్టి చూసి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడని అమ్మేవాడు చెప్పాడు. ఆయన రిపోర్టు రావడానికి ఇంకో నాలుగు వారాలు. ఈలోగా మా మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు తీరింది. ఆరు నెలలకిచ్చిన ఆఫర్ అది. మళ్ళీ జీతం స్లిప్పులు, మళ్ళీ వాల్యుయేషన్.

ఫ్లాటు చూడటానికి వెళ్ళినప్పుడు అడగాల్సిన మాటలు రెండు: ఏదైనా గోడ తీశారా, కిటికీ మార్చారా, కార్పెట్ పీకి చెక్క నేల వేశారా, వాటికి కాగితం ఉందా? మేనేజింగ్ ఏజెంటు కాగితాలకు ఇప్పటికే రాసి ఉన్నారా? ఈ రెండో ప్రశ్నకు అవునన్న అమ్మకందారుకు ఓ వెయ్యి పౌండ్లు ఎక్కువిచ్చినా నష్టం లేదని నా అభిప్రాయం.

3. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే "వస్తోంది" అంటారు.

మే నెలలో నేను సొలిసిటర్ ఆఫీసుకు దాదాపు రోజూ ఫోన్ చేశాను. రోజూ అదే జవాబు. ఒక సాయంత్రం డిపోలో చెడిపోయిన సిగ్నల్ రిపోర్టు రాస్తూ ఉండగా సిగ్గేసింది. "రైలు ఎందుకు ఆగింది" అని ఎవరైనా అడిగితే మేం "వస్తోంది" అంటామా? ఏ సెక్షన్‌లో ఏ రిలే ఎన్ని గంటలకు పడిపోయిందో చెబుతాం. మర్నాడు ఒక కాగితం మీద మూడు గళ్ళు గీశాను: ఏ కాగితం రావాలి, ఎవరి దగ్గర ఉంది, ఎప్పటినుంచి. అవి నింపమని శుక్రవారం శుక్రవారం అడగడం మొదలుపెట్టాను. పని పెద్దగా వేగం కాలేదు, నిజం చెప్పాలి. కానీ ఫ్లాటు గురించి కౌన్సిల్ ఇచ్చే సెర్చ్ రిపోర్టు వచ్చి మూడు వారాలుగా వాళ్ళ ట్రేలోనే ఉందని అలా అడిగాకే బయటపడింది.

4. మీరు ఆగినా లీజు ఆగదు.

మా లీజు 1979లో 99 ఏళ్ళకు రాసింది. మేం కొనేనాటికి మిగిలింది 74. "నువ్వు బతికేది అంతకన్నా ఎక్కువా ఏమిటి" అని మిత్రులు నవ్వారు, నేనూ నవ్వాను. కాని 80 కన్నా తగ్గిన లీజు పొడిగించుకోవాలంటే మ్యారేజ్ వాల్యూ అని ఇంకొంత ఫ్రీహోల్డర్‌కు ఇచ్చుకోవాలి. ఏళ్ళు తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. ఇంకా తగ్గితే బ్యాంకులు అప్పే ఇవ్వవు. 1993 చట్టం ప్రకారం ఫ్లాటుకు మరో 90 ఏళ్ళు పొడిగింపు అడిగే హక్కుంది, ఆపైన గ్రౌండ్ రెంట్ కట్టనక్కర్లేదు. అయితే అప్పట్లో రెండేళ్ళు యజమానిగా ఉన్నవాళ్ళకే ఆ హక్కు. మా సొలిసిటర్ ఒక దారి చెప్పింది: అమ్మేవాడికి రెండేళ్ళు దాటాయి గనుక అతని చేతే పొడిగింపు కోరే సెక్షన్ 42 నోటీసు ఇప్పించి, ఆ నోటీసు హక్కును మా పేరున బదిలీ చేయించుకోవచ్చని. దానికి మరికొన్ని వారాలు పడుతుందంది. అప్పటికే ఆరు నెలలు ఎదురుచూసి విసిగి ఉన్నాను. వద్దన్నాను.

ఆ తరువాత రెండేళ్ళు ఆగక తప్పలేదు. అవి తీరాక పిల్ల చదువు, మా అమ్మ ఆపరేషన్, ఏదో ఒకటి. చివరికి 2011లో, 67 ఏళ్ళు మిగిలి ఉండగా పొడిగించాను. ఎంత పోశానో మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఆ రెండేళ్ళ నిబంధనను 2025 జనవరి 31 నుంచి తీసేశారు. మ్యారేజ్ వాల్యూ కూడా పోవాలని 2024 చట్టంలో ఉంది. మీ లీజు తక్కువదైతే అది అమల్లోకొచ్చిందో లేదో మీ సొలిసిటర్‌ను అడగండి, నాలాగా మిత్రులను కాదు.

5. ఖాళీగా కూర్చున్న రోజుల్లో లీజు చదవాలి.

మాది నలభై పేజీలు. వెర్రిగా ఫోన్లు చేసిన నెలల్లో ఒక్క పేజీ తిప్పలేదు. దిగాక చదివితే, రాత్రి పదకొండు తరువాత పియానో వాయించరాదని ఒక షరతు, కిటికీలోంచి దుప్పట్లు దులపరాదని ఇంకోటి. "మరి గ్రైండరు?" అంది మా ఆవిడ. గ్రైండరు పేరు లేదు. అయినా కింది ఫ్లాటు ముసలమ్మ కోసం పప్పు సాయంత్రం ఆరింటికే రుబ్బేది. నవ్వుకునే షరతుల మధ్యనే, పదేళ్ళకోసారి గ్రౌండ్ రెంట్ ఎంత పెరుగుతుందో కూడా రాసి ఉంటుంది. అక్కడ ఆగి రెండుసార్లు చదవండి.

6. గడువు చూపించి పరిగెత్తిస్తే, ముందు లెక్క వేయాలి.

2021లో మా అమ్మాయి క్రోయిడన్‌లో ఆరంతస్తుల బిల్డింగులో ఫ్లాటుకు బేరమాడింది. 4.25 లక్షల పౌండ్లు. కరోనా రోజుల్లో ప్రభుత్వం స్టాంప్ డ్యూటీ సెలవిచ్చింది. జూన్ 30 లోపు కంప్లీషన్ అయితే, అంటే ఇల్లు చేతికొస్తే, 5 లక్షల దాకా పన్ను లేదు. ఆ తేదీ దాటితే, మొదటి ఇల్లు కొనేవాళ్ళకిచ్చే మినహాయింపు పోను, మా అమ్మాయికి 6,250 పౌండ్లు పడుతుంది. ఏజెంటు రోజుకు రెండుసార్లు ఫోను. అడ్డం ఒకటే, బ్యాంకు అడుగుతున్న ఈడబ్ల్యూఎస్1 ఫారం. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయాక, బయటి గోడలకు అతికించిన పలకలు (క్లాడింగ్) మంటకు తట్టుకుంటాయో లేదో నిపుణుడు చూసి సంతకం చేసే కాగితం అది. ఫ్లాటు అమ్మేవాళ్ళు తెప్పించలేరు, బిల్డింగు యజమానే తెప్పించాలి. నిపుణులు తక్కువ, బిల్డింగులు ఎక్కువ. "ఆ ఫారం అడగని బ్యాంకుకు మారండి" అని ఏజెంటు సలహా.

అమ్మాయి ఊగిసలాడింది. నేను కాగితం తీసి ఒకవైపు 6,250 అని రాశాను, రెండోవైపు ఏమీ రాయలేదు. "ఇక్కడ ఎంత రాయాలో తెలిసేదాకా ఆగుదాం" అన్నాను. జూన్ 30 వెళ్ళిపోయింది. నవంబరులో ఫారం వచ్చింది: బీ2. అంటే మరమ్మతులు చేయక తప్పనంత మంట ప్రమాదముందని. బ్యాంకు తప్పుకుంది. సర్వేకు, సెర్చ్‌లకు, సొలిసిటర్‌కు పెట్టినవన్నీ పోయాయి. రెండు వారాలు అమ్మాయి నాతో సరిగా మాట్లాడలేదు. మరుసటి ఏడు వచ్చిన చట్టం, అర్హత ఉన్న లీజుదారుల నెత్తిన క్లాడింగ్ ఖర్చు వేయకూడదంది గానీ, మేం ఆగిన రోజున అది ఎవరికీ తెలియదు.

7. మన తొందర మనవాళ్ళ మీద పెట్టకూడదు.

ఇది చెప్పడానికే పైవన్నీ రాశానేమో. 2004లో డిపాజిట్టుకు డబ్బు ఎక్కడిదంటే, తెనాలి దగ్గర మా తాతగారు నా పేర పెట్టిన ఎకరం యాభై సెంట్ల పొలం. మా నాన్న సాగు చేసేవారు. జనవరిలో ఫోన్ చేసి అమ్మేయమన్నాను. పవరాఫ్ అటార్నీ ఆయన దగ్గరే ఉంది. వరి కోతల ముందు చల్లిన మినుము అప్పుడు చేల్లో ఉంది. "ఒక్క నెలాగరా, మినుము ఇంటికొచ్చాక అమ్ముదాం. ఇప్పుడు అడిగేవాడు పైరుతో సహా ఇమ్మంటాడు" అన్నారు. "ఆగడానికి లేదు నాన్నా, ఇక్కడ ఫ్లాటు చేజారిపోతుంది" అన్నాను. మేనేజింగ్ ఏజెంటుకు ఒక ఉత్తరం ముక్క కూడా రాయని నేను, ఆయనకు మాత్రం వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాను.

ఫిబ్రవరి మధ్యలో కాయ ముదురుతుండగా, వచ్చిన ధరకు, పైరుతో సహా రాసిచ్చారు. డబ్బు మార్చిలో లండన్ చేరింది. సెప్టెంబరు దాకా ఖాతాలో ఊరికే పడి ఉంది. ఏటా మా అమ్మ ఆ చేని మినుముల్ని తిరగలిలో విసిరి, పప్పు చేసి ఎవరో ఒకరి సూట్‌కేసులో పంపేది. ఆ ఏటినుంచి వెంబ్లీలో కొనుక్కున్నాం.

అది చాలదన్నట్టు, ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రుజువు చూపమంది సొలిసిటర్. చూపక తప్పదు, అది వాళ్ళ చట్టం. ఇప్పుడు ఇంకా గట్టిగా అడుగుతున్నారు. ఇండియానుంచి డబ్బు తెచ్చేవాళ్ళు అమ్మకం దస్తావేజు, బ్యాంకు కాగితాలు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ మొదటి రోజే సిద్ధంగా పెట్టుకోండి. మావన్నీ తెలుగులో ఉన్నాయి, నేను అనువదిస్తే చెల్లదన్నారు. పట్టాదారు పాస్‌బుక్కు, అడంగల్ నకలు సర్టిఫైడ్ అనువాదకుడి దగ్గరికి పంపితే మూడు వారాలు పట్టింది.

పోయినేడు ఏదో కాగితం కోసం అమ్మాయి ఆ పాత ఫైలు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. అడంగల్ అనువాదం అది. పట్టాదారు గడిలో నా పేరు, దాని పక్క గడిలో మా నాన్న పేరు. పంట అన్నచోట బ్లాక్ గ్రామ్.

"తాతయ్య పేరు మీద ఎంజాయర్ అని రాశారేంటి నాన్నా?" అంది.

తెలుగులో అనుభవదారు అని ఉంటుందమ్మా, పొలం చేసేవాళ్ళను అలా రాస్తారు అన్నాను. పేజీ తిప్పింది.