శనగ రకాలు - వాటిలోని ఖనిజ లవణాలు

"శనగ పొట్టు పెడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఖనిజ లవణ మిశ్రమం ఎందుకండీ?" సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు శనగ గింజలోనే ఉన్నది.

రెండు జాతులు: కర్నూలు, ప్రకాశం, అనంతపురం నల్లరేగడి భూములలో శనగ విరివిగా పండుతుంది. జె.జి. 11, అన్నిగెరి దేశవాళీ రకాలు. వీటి గింజ చిన్నది, పొట్టు మందము. కె.ఎ.కె. 2 కాబూలీ రకం. దీని గింజ పెద్దది, తెల్లనిది, పొట్టు పలుచన. గింజ బరువులో పొట్టు దేశవాళీలో సుమారు 15 శాతం, కాబూలీలో 5 శాతం.

ఏది ఎక్కడ ఉన్నది: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల శనగలలో కాల్షియం 202 మిల్లీగ్రాములు, పొట్టు తీసిన పప్పులో 56 మాత్రమే. భాస్వరం శనగలలో 312, పప్పులో 331. అనగా కాల్షియం అధికభాగం పొట్టులోను, భాస్వరం పప్పులోను ఉన్నవి. కావుననే మందపు పొట్టు గల దేశవాళీ గింజలో కాల్షియం సాధారణంగా ఎక్కువ. ఒకే రకమైనా నేలను, వర్షాన్ని బట్టి ఈ అంకెలు మారుతుంటాయి.

లెక్క చూద్దాం: పై అంకెలను బట్టి కిలో దేశవాళీ పొట్టులో కాల్షియం సుమారు 10 గ్రాములు. గేదె పాలు లీటరులో సుమారు 2 గ్రాములు ఉంటుంది. 6 లీటర్లిచ్చే గేదె రోజూ 12 గ్రాములు పాలలోనే పోగొట్టుకుంటుంది. పైగా తిన్నదంతా ఒంటికి పట్టదు. లోటును గేదె తన ఎముకల నుండి తీసి పూడ్చుకుంటుంది. లోటు ముదిరితే పాలు తగ్గుతాయి, పశువు సకాలంలో ఎదకు రాదు. ఈనిన వెంటనే రక్తంలో కాల్షియం పడిపోతే లేవలేక కూలబడుతుంది. అప్పుడు ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి.

సభ్యులు పాటించవలసినవి:

1. వట్టి పొట్టులో భాస్వరం తక్కువ, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కావున ఒక్కదానిపైనే ఆధారపడక రెండూ దాణాలో కలపాలి.

2. పప్పు నూక కలిసిన చున్నీకి, వట్టి పొట్టుకు ఒకే ధర ఇవ్వరాదు. చున్నీలో మాంసకృత్తులు ఎక్కువ. చేతిలోకి తీసుకుని చూసి కొనాలి.

3. బూజు పట్టిన పొట్టు పెట్టరాదు.

4. 100 కిలోల దాణాకు 2 కిలోల ఖనిజ లవణ మిశ్రమం, 1 కిలో ఉప్పు కలపాలి. మిశ్రమంలో రాగి, జింకు, అయోడిన్ కూడా ఉంటాయి. పొట్టు మంచి మేతే గాని, మిశ్రమానికి బదులు కాదు.