అయ్యగారిని అడగలేనివి: సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వాక్యం అర్థం కాలేదని రాసినవాళ్లు ఒక్కరూ లేరు. వాక్యం అందరికీ బాగానే అర్థమవుతోంది. దాన్ని ఇంట్లో పెట్టుకుని అత్తతో, మొగుడితో, పిల్లలతో కాపురం చేయడం దగ్గరే తంటా. పేర్లు వేయొద్దని అందరూ కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఉంచాను.

సందేహం: అమ్మా, వందనాలు. మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థన. మా ఆయన మోకరిస్తే ఇశ్రాయేలు దేశంతో మొదలుపెట్టి, దేశాధ్యక్షులు, మిషనరీలు, రోగులు, ఖైదీలు అందరూ అయ్యాక గానీ మా వీధి మలుపు తిరగరు. ఆమేన్ అనేసరికి ఐదేళ్లవాడు బోర్లాపడి నిద్రపోతుంటాడు, తొమ్మిదేళ్లది వాడి వీపు మీద పెన్సిల్‌తో బొమ్మలేస్తుంటుంది. నేను ఒక కన్ను మూసి, రెండో కంటితో వీళ్లను ఉరిమి చూస్తుంటాను. పిల్లలకు భక్తి ఎట్లా నేర్పేది?
- ఒక తల్లి, ప్రొద్దుటూరు

సమాధానం: ఒక కన్ను తెరిచి చేసే ప్రార్థన దేవుడు వినడని ఎక్కడా రాసిలేదమ్మా. చిన్నపిల్లలున్న ఇళ్లలో తల్లులందరూ చేసేది ఆ ప్రార్థనే.

మీవాడి నిద్ర గురించి బెంగ పెట్టుకోకండి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఐతుకు అనే కుర్రాడున్నాడు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని జోగి జోగి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు. పౌలు దిగి వచ్చి కౌగిలించుకున్నాడు, కుర్రాడు బతికాడు. నిద్రపోయినందుకు వాణ్ని ఎవరూ ఒక్క మాట అన్నట్టు లేదు. ఆ తర్వాత పౌలు మళ్లీ మేడెక్కి తెల్లవారేదాకా మాట్లాడాడు. ఈ సంగతి మాత్రం మీ ఆయన కంటపడనీయకండి.

పిల్లలకు ఎప్పుడు నేర్పాలో ద్వితీయోపదేశకాండము 6లోనే ఉంది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ముప్పావు గంట ఒకేచోట మోకాళ్ల మీద అని లేదు. కాబట్టి ప్రార్థనను తొమ్మిది నుంచి ఏడున్నరకు, అన్నానికి ముందుకు జరపండి. ఆకలి మీదుంటే ఎవరికీ నిద్ర రాదు, ఎవరూ సాగదీయరు. పాట పిల్లలు ఎంచుకున్నదే పాడండి, వాళ్లు రోజూ అదే పాట ఎంచుకున్నా సరే. ఐదారు వచనాలు చదివితే చాలు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో మాట. మీవాడు కుంటుతున్న వీధికుక్క కోసం ప్రార్థిస్తే దిద్దొద్దు. దేశాధ్యక్షుల సంగతి పిల్లలు పడుకున్నాక మిద్దెమీదికి పోయి చూసుకోమని మీ ఆయనకు చెప్పండి. వేసవిలో గాలైనా తగులుతుంది.

మీ ప్రార్థన ఎప్పుడంటారా? మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా 19 మందిని కన్నది, బతికింది 10 మంది. ఆ ఇంట్లో ఏకాంతం ఎక్కడిది? తలమీద ఏప్రన్ కప్పుకుని ఉన్నచోటే కూర్చునేదట. ఆ గుడ్డ కింద అమ్మ ఉంటే పలకరించకూడదని పిల్లలకు తెలుసు. మనకు చీర కొంగుంది, ఇంకా పొడవు. వారం రోజులు అలవాటు చేసి చూడండి. మొదటి రెండ్రోజులు మీవాడు కొంగు ఎత్తి లోపలికి తొంగి చూస్తాడు. చూడనివ్వండి.

సందేహం: మా పుట్టిల్లు జమ్మలమడుగు, సి.ఎస్.ఐ. మెట్టినిల్లు కర్నూలు, బాప్టిస్టులు. మా పాపకు నాలుగో నెల. ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదని మా అమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది. చంటిబిడ్డకు బాప్తిస్మమేంది, అదసలు లెక్కలోకే రాదని మా అత్త. మా ఆయన ఇద్దరి ఫోన్లూ ఎత్తడం మానేసినాడు. ఏం చేయాలి?
- ఒక చెల్లెలు, కర్నూలు

సమాధానం: ఈ తగాదా మీ అమ్మా అత్తా పెట్టుకున్నది కాదమ్మా. లండన్ వాళ్లూ అమెరికా వాళ్లూ పెట్టి పోయినది. లండన్ మిషన్ 1822లోనే కడపలో అడుగుపెట్టింది. తర్వాత జమ్మలమడుగుకు పోయి క్యాంబెల్ ఆసుపత్రి కట్టింది. మీ పుట్టింట్లో ఎంతమంది ఆ ఆసుపత్రిలో పుట్టారో మీ జేజినడగండి. వాళ్లది చంటిబిడ్డలకు చిలకరించే పద్ధతి. నంద్యాల వైపు పనిచేసిన ఆంగ్లికన్లదీ అదే. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడి, అటునుంచి ఒంగోలు, ఆ తర్వాత కర్నూలు వచ్చారు. వాళ్లు నమ్మి నోటితో ఒప్పుకున్నవాళ్లకే, అదీ నిండా ముంచే ఇస్తారు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని మిషన్లన్నీ ప్రాంతాలు పంచుకున్నాయి. మన తాతలు గ్రీకు చదివి సిద్ధాంతం ఎంచుకోలేదు. వాళ్ల ఊరు ఏ మిషన్ వంతుకొస్తే ఆ సంఘం వాళ్లయ్యారు. అప్పుడు గీసిన గీత ఇప్పుడు మీ పాప ఉయ్యాల మీదుగా పోతోంది.

పెద్దవాళ్లు కలవాలని చూడకపోలేదు. 1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు ఒకటయ్యాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు వచ్చి కలిశాక, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సి.ఎస్.ఐ. పుట్టింది. బాప్టిస్టులు చేరలేదు. నంద్యాల ఆంగ్లికన్లలోనూ చాలామంది అప్పుడు బయటే ఉండిపోయి, దశాబ్దాల తర్వాత గానీ రాలేదు. బిషప్పులకే అంతకాలం పట్టిన వ్యవహారం నాలుగు నెలల బిడ్డ తేల్చాలంటే ఎట్లా?

ఇక నా మాట. ఆగండి. కారణం చెబుతాను. సి.ఎస్.ఐ.లో చంటిబిడ్డలకే కాదు, పెద్దయ్యాక అడిగినవాళ్లకూ బాప్తిస్మమిస్తారు. కాబట్టి ఇప్పుడు ఆగితే మీ అమ్మ సంఘం తలుపు మూసుకుపోదు. ఇప్పుడు ఇప్పించి, ఆ పిల్ల కర్నూలులో పెరిగి పదహారేళ్లకు మళ్లీ తీసుకోమన్నారనుకోండి, మొదటిది చెల్లలేదన్నట్టే. మీ అమ్మకు ఇప్పటికంటే పెద్ద దెబ్బ అది. ఇప్పుడు కర్నూలు గుడిలో బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించే ప్రార్థన పెట్టించండి, బాప్టిస్టులకు అలవాటున్నదే. జమ్మలమడుగులో కృతజ్ఞతారాధన చేయించి మీ అమ్మ చేత పాపను పీఠం దగ్గరికి ఎత్తుకుపోనివ్వండి. రెండుచోట్లా భోజనాలు తప్పవు, ఆ ఖర్చు మీ ఆయనది.

మీ అత్తగారికి ఒక మాట. పెద్దయ్యాక బిడ్డ నదిలోనే మునగాలని పట్టుబట్టకండి. తుంగభద్రను నమ్మి తేదీ పెట్టుకున్నా, ఆ వేళకు నీళ్లుంటాయో ఇసుకే ఉంటుందో ఎవరు చెప్పాలి? గుడిలో తొట్టి ఉంది కదా.

మీ ఆయనకూ ఒకటి చెప్పండి. తల్లి ఫోన్ ఎత్తకపోవడం ఏ సంఘంలోనూ సంస్కారం కిందికి రాదు.

సందేహం: పదో తరగతి పరీక్షలు. మా అబ్బాయి పెన్నులు ఆరాధనలో అయ్యగారి చేత ప్రార్థన చేయించాం. ఆ ధీమాతో వాడు పుస్తకం ముట్టడం లేదు.
- ఒక తల్లి, ఆళ్లగడ్డ

సమాధానం: ప్రార్థన చేసిన పెన్నులు దాచేసి మామూలు పెన్నులివ్వండి. లెక్కల పుస్తకం వాడంతట వాడే తీస్తాడు.

సందేహం: ఉగాదికి పక్కింటి అక్క ఓళిగలు, పచ్చడి పంపిస్తుంది. వినాయక చవితికి కుడుములొస్తాయి. మా అత్త వాటిని తలుపు దగ్గర నవ్వుతూ తీసుకుని, వెనక తలుపు నుంచి గేదెకు పెడుతుంది. ఒకరోజు గిన్నె కోసం వచ్చిన వాళ్ల పిల్ల చూసేసింది. తలెత్తుకోలేకపోతున్నాను. అసలు తినొచ్చా, తినకూడదా?
- ఒక సోదరి, కడప

సమాధానం: పౌలు దీనిమీద కొరింథీయులకు రెండు అధ్యాయాలకు పైగా రాశాడు. అది మీ వీధి గొడవలాంటిదే. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది అడక్కుండా తినమన్నాడు. ఇది విగ్రహానికి అర్పించిందని చెప్పి ఇస్తే, చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం మానమన్నాడు. నా తిండి వల్ల తమ్ముడు తొట్రిల్లితే జన్మలో మాంసం ముట్టనన్నాడు. రెండు వైపులా మాట్లాడాడని విసుక్కోకండి. ఆయన చూపు పళ్లెం మీద లేదు, ఎదుటి మనిషి మీద ఉంది.

కాబట్టి ఉగాది ఓళిగ పండుగ వంట, హాయిగా తినండి. దేవుడి దగ్గర పెట్టిన ప్రసాదమైతే, మీ మనసు ఒప్పకపోతే, ఆ అక్కతోనే నెమ్మదిగా చెప్పండి: "అక్కా, ప్రసాదం మేం తీసుకోం, నీ చేతి వంటైతే ఎంతైనా తింటాం." కడపలో పుట్టిన మనిషికి ఇది అర్థం కాకపోవడమనేది ఉండదు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి పోయి మొక్కే ఊరిది. అమీన్‌పీర్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ పోతారు. ఎవరి హద్దు ఎక్కడో ఒకరికొకరు చెప్పుకుని బతకడం ఇక్కడి జనానికి కొత్త కాదు. నవ్వుతూ తీసుకుని గేదెకు పెట్టడం మాత్రం ఏ అధ్యాయంలోనూ లేదు. ఆ గేదె చేసుకున్న పుణ్యం తప్ప దానివల్ల ఎవరికీ ఏమీ కలగలేదు.

గిన్నె ఖాళీగా తిరిగి పంపారా? అదైతే క్షమించరానిది. క్రిస్మస్ దాకా ఆగక ఈ వారమే కజ్జికాయలు చేసి, మీ అత్తగారి చేతికే ఇచ్చి పంపండి.

సందేహం: నా భార్య స్త్రీల మైత్రిలో కార్యదర్శి. మంగళవారం కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం సండే స్కూలు. శుక్రవారం ఉపవాసం ఆమెకు, పస్తు మాకు. సాయంత్రం నాలుగైనా పొయ్యి వెలగదు. నేనేమీ భక్తికి అడ్డం కాదు గానీ...
- ఒక సోదరుడు, ఎమ్మిగనూరు

సమాధానం: "గానీ" దగ్గర ఆపేశారు నాయనా. మిగతాది నాకు తెలుసు.

యోహాను సువార్త 21వ అధ్యాయం తీయండి. మరణాన్ని జయించి లేచిన ప్రభువు తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా వల వేసి అలసిపోయిన మగవాళ్లను రండి తినండని పిలిచాడు. ఆయనకంటే మీకు పనులెక్కువా?

రాసుకోండి. రాగిసంగటికి నానబెట్టిన బియ్యం ఒక గ్లాసు, నీళ్లు నాలుగు గ్లాసులు. అన్నం బాగా మెత్తబడ్డాక ఒకటిన్నర గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేయండి. దించి తెడ్డుతో గట్టిగా గెలకండి. ఉండలు లేకుండా వచ్చేదాకా చేతులు నొప్పి పెడతాయి. ఆమె ఇన్నేళ్లూ అట్లాగే గెలికింది. చేయి తడి చేసుకుని ముద్దలు కట్టండి. ఊరుబిండి కూడా మీరే నూరితే మంచిదే, లేకపోతే నెయ్యీ బెల్లంతో సర్దుకోండి.

మీ ఆవిడకు కూడా ఒక మాట: పసిపిల్లలున్న ఇంట్లో వారానికి మూడు కూటాలు ఎక్కువే. మంగళవారానిది ఇంకొకరికి అప్పగించమనండి. కార్యదర్శి లేకపోయినా కూటం జరుగుతుంది. ఆ సంగతి ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది.

సందేహం: డిసెంబరులో కారల్స్ వాళ్లు రాత్రి రెండింటికి డ్రమ్ములతో వచ్చారు. మా వీధిలో పసిపిల్లలు, రోగులు ఉన్నారు. కాదంటే పాపమా?
- ఒక సోదరి, నంద్యాల

సమాధానం: బేత్లెహేములో దూత గొల్లల దగ్గరికే ఎందుకు పోయాడు? మందలు కాస్తూ వాళ్లు అప్పటికే మేలుకుని ఉన్నారు. నిద్రపోతున్న ఊరిని లేపలేదు. పైగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. యూత్ వాళ్లను సాయంత్రం ఆరింటికే రమ్మనండి, టీ, బోండా పెడతామనండి. తప్పక వస్తారు.

సందేహం: మాది వర్షాధారం. ఈ ఏడు బుడ్డలు పూతలోనే ఎండిపోయాయి. ప్రతి పంటల పండుగకూ మేం ఒక మూట ఇచ్చేవాళ్లం. మా గుడిలో ఎవరేమిచ్చారో మైకులో చదువుతారు. మా పేరు దగ్గర ఏం చదువుతారు? అసలు పోకుండా ఉండిపోదామా అనిపిస్తోంది.
- ఒక అక్క, పత్తికొండ దగ్గరి పల్లె

సమాధానం: పోండక్కా. పోకపోతే ఆ మైకు గెలిచినట్టు.

పంట పండని ఏడు ఈ సీమకు కొత్తదా? 1876-78 ధాత కరువులో మన జిల్లాలు ఎంత మాడిపోయాయో చరిత్ర పుస్తకాల్లో ఉంది. తెలుగు సంఘాల్లో చాలావాటికి జనం పెద్దఎత్తున వచ్చింది ఆ కరువులోనూ, ఆ వెనకాలే. బస్తాలు మోసుకుని రాలేదు వాళ్లు, ఒట్టి చేతులతో వచ్చారు. ఇప్పుడు మూట లేదని గుడి మెట్లెక్కడానికి మీరు సిగ్గుపడటమేంది?

మన అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. నెల చివర ఆ కుండ గుడికి పోయేది. మిజోరం స్త్రీలు 1910లో ఇట్లాగే పిడికెడు బియ్యం మొదలుపెట్టారు, ఈనాటికీ అక్కడ దానిమీద మిషనరీలు బతుకుతున్నారు. కరువైనా పిడికిలి కొలత మారదు. మీ పెరట్లో మునగచెట్టుంటే కట్ట మునక్కాయలు, కోడి ఉంటే నాలుగు గుడ్లు పట్టుకుపోండి. వేలంలో పెడతారు కదా. గుడ్డు ఐదొందలకు పాడేది ఆ వేలంలోనే.

అయ్యగారి దగ్గరికి ఒక్కరే పోవద్దు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను తోడు తీసుకుపోయి అడగండి: ఈ ఏడు పేర్లు చదవొద్దు, అందరివీ కలిపి ఒక్క ప్రార్థన చేయండి అని. మీ ఊరు మొత్తం ఎండితే సిగ్గు మీ ఒక్కరిదే కాదు, చాలామంది లోలోపల ఇదే అనుకుంటూ ఉంటారు. కమిటీ పెద్దలు ఆనవాయితీ అంటారు, రెండు కాసులు వేసిన పేద విధవరాలిని ఉదాహరణ చూపిస్తారు. చూపించనివ్వండి. ఆ కథ మార్కు 12లో 41వ వచనం దగ్గర మొదలవుతుంది. దానికి ముందున్న 40వ వచనంలో విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు ఏమన్నాడో ఒకసారి మైకులో చదవమనండి.